మూడు చేతుల సాలీడు

మార్చి ఎనిమిదిన సంస్థలోని మగవాళ్ళంతా ఆడవాళ్ళకి తలా ఒక కార్నేషన్ పువ్వు ఇచ్చి, తలా ఒక గ్లాసు వైన్ తాగి, ఖాళీ గ్లాసులు తెచ్చి సింకులో పడేసి పోయారు. ఆడవాళ్ళ పండుగ కదా మరి, కడిగే భాగ్యం కూడా వాళ్ళకే దక్కాలి! నెవెనా మోచేతుల దాకా సబ్బు నురగతో ఉండగా హాల్లోంచి ప్రొఫెసర్ చకరోవ్ గొంతు ఖంగుమంది.

"నెవెనా ఏదీ? పిలవండి, పిలవండి. ఇవాళ అసలు కానుక ఆవిడకే!"

ఆమె చేతులు కోటుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె నిలబడే చోటు అదే. పురుగుల్ని ఏరి, చీటీలు రాసి, మైక్రోస్కోపులో చూసి బొమ్మలు గీసే టెక్నీషియన్‌కి హాలు మధ్యలో ఏం పని?

ప్రొఫెసర్ గ్లాసు పైకెత్తాడు. "రీలా కొండల్లో శిఖరం మీద మనకి దొరికిన కొత్త నేల సాలీడు సంగతి అందరికీ తెలుసు. గురువారం సెమినార్‌లో వ్యాసం చదువుతున్నాను. ఆ సాయంత్రమే పత్రికకి పంపేస్తున్నాను. ఆ సాలీడుకి మన నెవెనా పేరు పెడుతున్నాను! భూమి ఉన్నన్నాళ్ళూ పుస్తకాల్లో ఉంటావు, అమ్మాయ్!"

అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరమ్మ వచ్చి రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. ఆ ఒక్క నిమిషం నెవెనా నిజంగానే మురిసిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"చాలా సంతోషం ప్రొఫెసర్ గారూ," అంది మొహమాటంగా. "మరి వ్యాసం మీద మనిద్దరి పేర్లూ... చలికాలం మొదట్లో మీరు అన్నారు కదా... నా దరఖాస్తుకి శుక్రవారమే ఆఖరి రోజు."

ప్రొఫెసర్ కళ్ళు పెద్దవి చేసి చుట్టూ చూశాడు, ఏదో ముద్దు మాట విన్నట్టు. "అయ్యో పిచ్చితల్లీ! తన పేరు తానే పెట్టుకుందంటే లోకం నవ్వదూ? జాతికి ఎవరి పేరు పెడతామో వాళ్ళు వ్యాసం మీద సంతకం చెయ్యకూడదు. మావాళ్ళలో అది మర్యాద. వందల ఏళ్ళ నుంచీ ఉన్నదే. ఏమంటారు?"

అంతేకదా, అంతేకదా అన్నారు అందరూ. అది నిజమే కూడాను. కార్నేషన్ పువ్వుతో చెంప మీద కొట్టినట్టుంది ఆమెకి. ఎక్కడ కొట్టారో చూపించడానికి కూడా లేదు, చుట్టూ అందరూ నవ్వుతూ అభినందిస్తున్నారు.

వచ్చే జనవరి నుంచి సంస్థలో టెక్నీషియన్ పోస్టు లేదు, కాగితం ఎప్పుడో వచ్చేసింది. ఉన్న ఒకే ఒక దారి పరిశోధక సహాయకురాలి పోస్టు. దానికి దరఖాస్తులు శుక్రవారం సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. రచయితగా తన పేరున్న వ్యాసం ఒక్కటైనా పత్రికకి పంపినట్టు రసీదు ఉండాలి. సాయంత్రం కాలేజీలో చదివి డిగ్రీ తెచ్చుకుంది. పంతొమ్మిదేళ్ళ పని ఉంది. ఆ ఒక్క రసీదే లేదు.

"మరి మాకు విందు ఎప్పుడే?" అని ఎవరో అరిచారు. మావాళ్ళలో ఎవరికి మంచి జరిగితే వాళ్ళే అందరికీ తినిపించాలి. అది తప్పదు.

"రేపు," అంది నెవెనా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

సింకు దగ్గరికి తిరిగి వెళ్తే అక్కడ గింకా గ్లాసులు తుడుస్తోంది. నత్తల మీద ముప్ఫయ్యేళ్ళు పని చేసిన మనిషి, పెన్షన్‌కి రెండేళ్ళ దూరంలో ఉంది. ఆవిడ నాలుకకి డైరెక్టరమ్మ కూడా భయపడుతుంది.

"పేరు పెట్టి పేరు లాక్కోవడం అంటే ఇదే," అంది గింకా తల ఎత్తకుండానే. "దొంగతనానికి పూలమాల వేశాడు మహానుభావుడు. నువ్వేమో థాంక్స్ చెప్పి వచ్చావు."

"ఏం చెయ్యమంటావు గింకా? నా మీద గౌరవం వద్దని అరవమంటావా?"

"అదే కదా వాడి తెలివి," అంది గింకా, గ్లాసు టక్కున బోర్లిస్తూ.

మంగళవారం పొద్దున్న నెవెనా రెండు పళ్ళేల బానిట్సా పట్టుకొచ్చింది. రాత్రి పిండి రేకులు పరిచి, జున్ను చిదిమి, గుడ్లు గిలక్కొట్టి పోస్తూ ఏడ్చింది. జున్నులో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు అనుకుంది. అందరూ బాగుందన్నారు. ప్రొఫెసర్ మూడు ముక్కలు తిన్నాడు, వేళ్ళు నాక్కుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన ముంజేతికి ఎర్రదీ తెల్లదీ కలిపి పేనిన ఉన్ని దారం వేలాడుతోంది. మార్చి ఒకటిన కట్టుకున్నది. చెట్టు పూసేదాకా తియ్యరు ఎవ్వరూ. నెవెనా మాత్రం తన దారాన్ని ఎప్పుడూ చేతికి కట్టదు, స్వెటరుకి పిన్నుతో పెట్టుకుంటుంది. స్పిరిట్‌తో పని చేసే చేతులకి వేలాడే దారాలు ఎందుకని.

"ఒక చిన్న మాట, అమ్మాయ్. మగదాని చేతి బొమ్మ గీశావు చూడు, అందులో గుబ్బ పక్కన ముల్లు మరీ కొక్కెంలా వంచేశావు. నేను నమూనాని స్వయంగా చూశాను. అంత వంపు లేదు, పొట్టిగా, తిన్నగా ఉంది. ఫొటో కూడా తీశాను. గురువారంలోపు దిద్దెయ్."

"వంపు ఉంది ప్రొఫెసర్ గారూ."

"కళ్ళు అలిసిపోయి ఉంటాయిలే. వయసు వస్తోంది అందరికీ," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నెవెనా ఒళ్ళు భగ్గుమంది. పేరు తీసుకున్నాడు, సరే. ఇప్పుడు కంటినీ చేతినీ కూడా తప్పుపడుతున్నాడు! పంతొమ్మిదేళ్ళలో ఆమె గీసిన గీత ఒక్కటి తప్పని ఎవరూ అనలేదు. మగ సాలీడుకి మొహం ముందు రెండు బుల్లి చేతులుంటాయి. వాటి చివరి గుబ్బ ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది, తాళంచెవి పళ్ళలాగా. ఆ గుబ్బ చూసే ఇది కొత్తదా పాతదా అని తేలుస్తారు. అందులో ముల్లు తప్పుగా గీయడమంటే ఊరికి దారి అడిగినవాడికి ఇంకో ఊరి దారి చూపించడమే. నాలుగు రోజులు కూర్చుని గీసింది ఆ ముల్లుని.

బుధవారం పొద్దున్నే నిల్వగది తాళం తీసింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పెట్టెలోంచి ఏడో నెంబరు సీసా తీసింది. శిఖరం మీద, వాతావరణ కేంద్రం వెనక రాళ్ళ గుట్టలో పాతిన ప్లాస్టిక్ గ్లాసులో పడిన సాలీళ్ళు అవి. మగది ఒకటి, ఆడవి రెండు. లోపల తను రాసిన నల్ల సిరా చీటీ, అడుగున దూది పెట్టి మూసిన గోరంత గొట్టం. బొమ్మ గీయడానికి మగదాని ఎడమ చేతిని సూదితో విడదీసి ఆ గొట్టంలో దాచింది తనే. అందరం ఎడమదే గీస్తాం, అది ఆనవాయితీ.

సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. స్పిరిట్ నీళ్ళలా తెల్లగా ఉండాలి. లేత గులాబీ రంగులో ఉంది.

ఇదేమిటి అనుకుంటూ చిన్న గాజు గిన్నెలోకి ఒంపింది. పట్టకారుతో మగదాన్ని వెల్లకిలా తిప్పి మైక్రోస్కోపు కింద పెట్టింది.

సాలీడుకి రెండు చేతులూ ఉన్నాయి. కుడిదీ ఉంది, ఎడమదీ ఉంది.

నెవెనా కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. రెండు. దూది తీసి గోరంత గొట్టాన్ని వంచింది. తను కోసి దాచిన ఎడమ చెయ్యి బొట్టుతో పాటు జారి వచ్చి పక్కనే పడింది. మూడు! ఒక్క సాలీడుకి మూడు చేతులు. కొక్కెంలా వంగిన ముల్లు విడిగా ఉన్న చేతికే ఉంది. ఒంటికి అంటుకుని ఉన్న రెండు చేతులకీ ముల్లు పొట్టిగా, తిన్నగా ఉంది.

వెంటనే మూడో నెంబరు సీసా వెతికింది. కింద సరస్సు ఒడ్డున దొరికిన సాలీడు అందులో ఉండాలి. చూడ్డానికి అచ్చం అలాగే బూడిదరంగులో, అంతే పొడవులో ఉంటుంది గానీ పాత జాతి, తాతల కాలం నుంచీ పేరున్నది. ఆ సీసాలో స్పిరిట్ కూడా గులాబీ రంగే. లోపల ఉన్న మగదానికి ఎడమ చెయ్యి లేదు.

నెవెనా స్టూలు లాక్కుని రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుంది.

ఏం జరిగిందో అరచేతిలో పెట్టి చూపించినట్టు తెలిసిపోయింది. మార్చి ఒకటిన తను పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. ఆ రోజు ప్రొఫెసర్ ఒక్కడే కూర్చుని రెండు సీసాలూ తెరిచాడు. రెండు మగవాటినీ ఒకే గాజు గిన్నెలో పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ పొద్దున్నే కట్టుకున్న కొత్త దారం స్పిరిట్‌లో మునిగి రంగు వదిలింది. తిరిగి పెట్టేటప్పుడు దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో వేసేశాడు. ఆ తరవాత ఏడో సీసాలోని మగదాన్ని కొలిచి, ఫొటో తీసి, పది పేజీల వర్ణన రాశాడు. అంతా సరస్సు సాలీడు గురించి. చేతులు లెక్కపెట్టుకోకుండా!

రేపు సెమినార్ కాగానే ఆ మగదానికి ఎర్ర చీటీ కడతారు. కొత్త జాతి పేరు ఎర్ర చీటీ ఉన్న ప్రాణికే చెందుతుంది, మరి దేనికీ కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఇంకో దేశంలో ఎవరో చూసి, ఇది పాత సాలీడే కదా అంటారు. నెవెనా పేరు ఆ రోజే చచ్చిపోతుంది. పుస్తకాల్లో ఉంటుంది, నిజమే, పొరపాట్ల జాబితాలో ఉంటుంది. రచయిత కాకుండా పోయింది, ఇప్పుడు ఆ పేరు కూడా నవ్వులపాలా! ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఫోను తీసి శిఖరం మీదికి చేసింది. వాతావరణ కేంద్రంలో బోజిన్ ఉంటాడు. ముప్ఫయ్యేళ్ళుగా గాలినీ మంచునీ కొలిచే ముసలాయన. నెలనెలా రాళ్ళ మీద పాకి గ్లాసులు మార్చినవాడు ఆయనే.

"బోజిన్ బాబాయ్, నేను నెవెనాని. నీ నోటుబుక్కు చూసి చెప్పు. రాళ్ళ గుట్ట గ్లాసులో ఏం పడ్డాయి?"

"ఆగమ్మా, కళ్ళజోడు పెట్టుకోనీ..." గాలి హోరులో కాగితాలు తిప్పిన చప్పుడు. "మగది ఒకటి, ఆడవి రెండు. సరస్సు దగ్గర మగది ఒకటి. ఏం, తప్పిపోయాయా?"

"తప్పిపోలేదు, తారుమారయ్యాయి." జరిగిందంతా చెప్పింది, మర్యాద సంగతి కూడా.

బోజిన్ దగ్గుతూ నవ్వాడు. "మీ ప్రొఫెసర్ ఒకసారి వచ్చాడులే ఇక్కడికి. తీగ బండిలో పైకొచ్చి, టీ తాగి, కాళ్ళు తడుస్తాయని గుమ్మం దిగలేదు. ఇంతకీ నా పేరు ఎక్కడ రాశాడు?"

"చివర్న. 'సహకరించిన కేంద్ర సిబ్బందికి కృతజ్ఞతలు' అని."

"సిబ్బంది అంటే నేనూ పిల్లీనా?" అన్నాడు బోజిన్. తరవాత గొంతు మారింది. "నీ పేరు వద్దమ్మా దానికి. అంత మోజు ఉన్నవాళ్ళకే ఇచ్చెయ్ ఆ గౌరవం. నీ పని నువ్వు రాసుకో."

ఊరికే అన్నాడు ఆయన. ఫోను పెట్టేశాక కూడా నెవెనా దాన్ని చేతిలో పట్టుకునే ఉంది. తరవాత లేచి, నిల్వగది తలుపు గడియ పెట్టి, మగవాటిని దేని సీసాలో దాన్ని వేసి, స్పిరిట్ మార్చి, కొలతల పలక మైక్రోస్కోపులో బిగించింది. కళ్ళ మధ్య దూరం, కాళ్ళ పొడవు, ముళ్ళ లెక్క, ఒక్కొక్కటీ మూడేసి సార్లు కొలిచింది. మధ్యాహ్నం గింకా తలుపు తట్టి ఒక రొట్టె ముక్క లోపలికి అందించి, బల్ల మీదున్న కాగితాలు చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. గింకా అడక్కుండా వెళ్ళడం ఎవరూ ఎరగని వింత.

గురువారం పొద్దున్న నెవెనా ముందుగా ప్రొఫెసర్ గదికే వెళ్ళింది. ఆ మాట మాత్రం ఆమె పక్షాన చెప్పి తీరాలి.

"ప్రొఫెసర్ గారూ, సీసాలు..."

"బొమ్మ దిద్దావా?"

"దాని గురించే. ఒక్క అయిదు నిమిషాలు మైక్రోస్కోపులో..."

"ఇప్పుడా? పదకొండింటికి సెమినార్ పెట్టుకుని?" ఆయన టై సర్దుకుంటున్నాడు, అద్దంలోంచే మాట్లాడాడు. "దిద్దకపోతే పోనీలే. చిత్రకారిణి కాస్త స్వేచ్ఛ తీసుకుంది అని నేనే చెప్పేస్తాను."

చెప్పాడు కూడా! పన్నెండుమంది ముందు, తెర మీద ఒక పక్క తన ఫొటో, ఇంకో పక్క ఆమె బొమ్మ వేసి, "మా నెవెనా ప్రేమ ఎక్కువై ముల్లుని కాస్త వంచేసింది," అన్నాడు. అందరూ నవ్వారు. వెనక వరసలో నెవెనా చెవులు ఎర్రబడ్డాయి. ఆమె లేచి నిలబడింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. పళ్ళెంలో మైక్రోస్కోపు, రెండు సీసాలు పట్టుకుని నేరుగా డైరెక్టరమ్మ ముందున్న బల్ల దగ్గరికి నడిచింది.

"ప్రొఫెసర్ గారూ, ఫొటోలో ఉన్న మగదానికి చేతులెన్ని?"

"రెండు. ఎన్ని ఉంటాయేమిటి?"

"ఎడమది నేను కోశాను. జనవరిలో. గొట్టంలో ఉంది."

ప్రొఫెసర్ తెర వైపు తిరిగాడు. తన ఫొటోలో సాలీడు రెండు చేతులూ చాచి ఆయన్నే చూస్తోంది. డైరెక్టరమ్మ మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూసింది. తల ఎత్తేసరికి ఆవిడ మొహం పాలిపోయింది.

"చకరోవ్, ఇది సరస్సు సాలీడు. దీనికి ఎర్ర చీటీ కట్టబోయామా మనం? సాయంత్రం పంపేసేవాళ్ళమే!"

"దారం రంగు," అంది నెవెనా మెల్లిగా. "మార్చి ఒకటిన సీసాలు తెరిచినప్పుడు తారుమారయ్యాయి. స్పిరిట్ గులాబీ రంగుకి తిరిగింది." తీసి పక్కన పెట్టిన పాత స్పిరిట్ సీసా చూపించింది. పన్నెండుమందీ ప్రొఫెసర్ ముంజేతి వైపు చూశారు. ఆయన చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది.

"సరే... సరే. పొరపాట్లు అందరికీ జరుగుతాయి," అన్నాడు ఎట్టకేలకు, రుమాలుతో నుదురు అద్దుకుంటూ. "అసలుదాన్ని కొలిచి, అంకెలు మార్చేస్తే సరిపోతుంది. నెవెనా సాయం చేస్తుంది."

"చేసేశానండీ." ఆమె సంచిలోంచి కాగితాలు తీసి డైరెక్టరమ్మకి ఇచ్చింది. "అంకెలు ఒక్కటీ పనికి రాలేదు. వర్ణన మొదటినుంచీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. కొలతలూ బొమ్మలూ నావి. సేకరణా, స్థలం వివరాలూ బోజిన్ బాబాయ్‌వి, ఆయన నోటుబుక్కులోవి. ఒక్కటే మార్చాను. పేరు."

"పేరెందుకు మార్చావు?" అంది డైరెక్టరమ్మ.

"అంత పెద్ద గౌరవానికి నేను తగనండీ. శిఖరం మీది సాలీడుకి శిఖరమంత మనిషి పేరు ఉండాలి." నెవెనా ప్రొఫెసర్ వైపు తిరిగింది. "ప్రొఫెసర్ చకరోవ్ గారి పేరు పెట్టాను."

మొదట చప్పట్లు కొట్టింది గింకా. ఆ వెంటనే అందరూ కొట్టారు. డైరెక్టరమ్మ కాగితం మొదటి పేజీ చూసింది. మీద రెండే పేర్లు, నెవెనా గెరోవా, బోజిన్ తసేవ్. కళ్ళజోడు మీదుగా ఒకసారి నెవెనాని, ఒకసారి ప్రొఫెసర్‌ని చూసింది. ఆవిడ మూతి బిగించుకోవడం వెనక వరస దాకా కనిపించింది.

"కానీ... వ్యాసం మీద నా..." ప్రొఫెసర్ సగంలో ఆగిపోయాడు.

"మీ పేరు ఉంది కదా ప్రొఫెసర్ గారూ," అంది నెవెనా. "సాలీడుకి ఉంది. రెండూ కుదరవుగా. మీరే చెప్పారు, మర్యాద కాదని."

ఆయన హాలంతా చూశాడు. సోమవారం గ్లాసు ఎత్తినప్పుడు అంతేకదా అన్న మొహాలే అన్నీ. ఇప్పుడూ అంతేకదా అన్నట్టే చూస్తున్నాయి. నెత్తిన పిడుగు పడ్డవాడిలా నిలబడి, చివరికి తల అటూ ఇటూ ఊపాడు. మావాళ్ళలో అవునని చెప్పడం అలాగే.

"అభినందనలు చకరోవ్!" అంది డైరెక్టరమ్మ. "నెవెనా, ఇప్పుడే పంపెయ్. రసీదు నాకొకటి ఇవ్వు, దరఖాస్తుకి నేనే పెడతాను."

"మరి మాకు విందు ఎప్పుడు ప్రొఫెసర్ గారూ?" అని అరిచింది గింకా.

శుక్రవారం పదింటికి ప్రొఫెసర్ చకరోవ్ చాక్లెట్ల డబ్బా పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. ముంజేతికి దారం లేదు. అందరూ ఒక్కో చాక్లెట్ తీసుకుని, సాలీడు నిండు నూరేళ్ళూ బతకాలని దీవించారు. నెవెనా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు డబ్బాలోనే ఉన్నాయి. ఆమె ఎర్ర చీటీ రాస్తోంది. సిరా ఆరేదాకా ఆయన్ని నిలబెట్టింది. తరవాత ఎడమ చెయ్యి లేని సాలీడున్న సీసాలోకి పట్టకారుతో ఆ చీటీని నిదానంగా దించి, మూత బిగించి, చేతులు తుడుచుకుంది.

"తీసుకో," అన్నాడు ఆయన.

"ఆయురారోగ్యాలతో ఉండండి ప్రొఫెసర్ గారూ," అని ఆమె ఒక చాక్లెట్ తీసుకుంది. ఆయన కదలబోయాడు. "ఉండండి," అని ఇంకోటి తీసి రుమాల్లో చుట్టింది. "ఇది బోజిన్ బాబాయ్‌కి."